దోహాలో మంచు కురిపించే డ్యూటీ

తొంభైల్లో దోహాలో నేను ఒక జపాన్ ఇంజినీరు గారికి డ్రైవర్ని. ఆయనది అనాదిగా వేడినీటి ఊటలకు పేరున్న కొండ ఊరు. అక్కడ మంచు కురుస్తుంటే జనం ఆరుబయట వేడినీళ్ళలో మెడదాకా కూర్చుంటారట.

దోహా ఎండలకు మిద్దెమీది ట్యాంకు నీళ్ళు కుళాయిలో కాగినట్టే వచ్చేవి. మేమంతా తిట్టుకునేవాళ్ళం. ఆయన మాత్రం సెలవురోజైన శుక్రవారం మధ్యాహ్నాల్లో, మొదట సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కుని, తర్వాత తొట్టి నింపుకుని, మడతపెట్టిన తువ్వాలు తలమీద పెట్టుకుని అందులో కూర్చునేవారు. నేను ఫ్రీజర్లో పేరుకున్న ఐసు గరిటెతో గీకి తెచ్చి ఆయన మీద చల్లాలి.

"స్నో... స్లోలీ, స్లోలీ," అనేవారు కళ్ళు మూసుకుని.

పెద్ద కార్లు నడుపుతానని ఊళ్ళో కోతలు కోసి వచ్చిన మొనగాణ్ణి, చివరికి మంచు కురిపించే డ్యూటీలో తేలాను. రూమ్‌లో నాతోపాటు ఉండే జగిత్యాల అన్న ముందు ఆయన్ని అనుకరించి చూపి, నేనే తెలివైనవాణ్ణన్నట్టు నవ్వేవాణ్ణి.

ఒకరోజు తొట్టిలో ఆయన కళ్ళు తెరిచి, మీ ఊళ్ళో మంచు పడుతుందా అని అడిగారు.

"నో స్నో సార్. ఓన్లీ ఎండ, వెరీ హాట్," అన్నాను.

ఆయన కిటికీ అవతల మండిపోతున్న ఎండను చూశారు.

"దెన్ యూ ఆల్రెడీ హోమ్. వెరీ లక్కీ," అన్నారు, నిజంగానే అసూయపడుతూ. నేనూ అటు చూశాను; ఎండ అదే, మా ఊరే లేదు.

సాయంత్రం రూమ్‌కి వెళ్తే అన్న అడిగాడు: "ఏందిరా గట్లున్నవ్? ఇయ్యాల మంచు పడలేదా?"

"పడ్డదన్నా," అన్నాను. "నా మీదనే."