ముఖ్య అతిథి రాకముందే వేడెక్కిన కాళ్లు

ఆ రోజుల్లో నేను మదనపల్లె కాలేజీలో చదివేదాన్ని. పరుగు పందెం కాళ్లతో కాదు, డబ్బాల్లోని పొడులతో గెలుస్తారని గట్టిగా నమ్మిన వయసది. ఆ నమ్మకాన్ని నూరిపోసింది పుంగనూరులో జిమ్ము నడిపే మా పెదనాన్న కొడుకు. ఊళ్లో అందరికీ అతను పౌడరన్న (పాలలో కలిపేది, నీళ్లలో కలిపేది, అన్నం మానేసి తాగేది, అన్నిటికీ అతని దగ్గర పొడి ఉండేది). కుప్పంలో కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. పదిహేను వందల మీటర్లలో మొదటి ముగ్గురిలో వస్తే యూనివర్సిటీ జట్టులో చోటు. రాకపోతే పరుగు చాలించి బుద్ధిగా చదువుకోవాలని, తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపే మా నాన్న తేల్చి చెప్పాడు. చెప్పి ఊరుకోక, తన కళ్లతోనే చూస్తానని నాతోపాటు బస్సెక్కాడు.

పౌడరన్న సీసాలో ఎర్రటి నీళ్లు కలిపిచ్చి, "తాగిన అరగంటకంతా పరిగెత్తాలమ్మా, లేకుంటే ఆ బలం లోపల్నే తిరుగుతాంటాది" అన్నాడు. ఒళ్లు వేడెక్కించే వార్మప్పు కూడా సరిగ్గా పందేనికి ముందే ముగించాలట. ఆహ్వానపత్రంలో పది గంటలకని అచ్చేశారు (అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మేదాన్ని, పిచ్చిదాన్ని). తొమ్మిదిన్నరకు సీసా ఖాళీ చేసి, మోకాళ్లు ఎగరేసి, మైదానం చుట్టొచ్చి గీత దగ్గర నిలబడ్డాను. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని మైకు చెప్పింది. ఒళ్లు చల్లారకూడదని ఇంకో చుట్టు తిరిగాను. పలమనేరు దాటారంది. మరో చుట్టు తిరిగాను. మిగతా అమ్మాయిలు షామియానా కింద బొరుగులు తింటూ నన్ను వింతగా చూశారు. పొడి పనిచేసి చెవులు, చేతులు చీమలు పాకినట్టు జిలజిలలాడుతుంటే, బలం వచ్చేసిందని మురిసిపోయాను. అతిథి వచ్చాక దండలు, శాలువాలు, జ్యోతి వెలిగించడం, ఆపైన వ్యాయామం వల్ల లాభాల గురించి ఉపన్యాసం. అదంతా నేను నిలబడ్డచోటే పరిగెడుతూ విన్నాను.

విజిల్ ఊదేసరికి కాళ్లు నావి కావు. అయినా పళ్లు బిగించి, చచ్చినా ఆగకూడదనుకుని మొదటి చుట్టంతా అందరికంటే ముందున్నాను. తర్వాత బొరుగులు తిన్నవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. చివర్లో మూడో అమ్మాయి వీపు చేతికందేంత దగ్గరకొచ్చాను. అంతలో గీత వచ్చేసింది. నాది నాలుగో స్థానం. ఇక పరుగు లేదనుకుని మట్టిలోనే కూలబడి ఏడ్చాను.

నాన్న వచ్చి పక్కనే కూర్చుని, తన తువ్వాలు నా చేతిలో పెట్టి అన్నాడు. "వాళ్లంతా ఒక్కసారి పరిగెత్తినారు. నువ్వు పొద్దున్నుంచీ పరిగెత్తతానే ఉండావు. నేను సూడలేదనుకుంటివా? వచ్చే ఏడు మళ్లా వద్దాం."

మరుసటేడు జట్టులో చోటు దొరికింది. ఇప్పుడు పిల్లలకు పరుగు నేర్పుతూ, ఏది ఎప్పుడు తాగాలో, ఎప్పుడు ఒళ్లు వేడెక్కించాలో తెలివిగా చెబుతుంటాను. ఉపన్యాసమంతా ఒంటరిగా గెంతిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. తెలివి ఇప్పుడే ఎక్కువ, సందేహం లేదు. కానీ మా ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెడితే, నేను పందెం కాసేది ఆ పిల్ల మీదే.