చెరకు ముక్కలు పట్టుకున్న జట్టు

తవిటయ్య తన జీవితంలో కొట్టింది ఒకే ఒక్క గోలు. ఆ రోజు మైదానంలో దానిని చూడనివాడు కూడా తవిటయ్య ఒక్కడే. తన గోలు ముందుకు వచ్చిన బంతిని దూరంగా తన్నేసి, ఊడిపోయిన బూటు తాడు కట్టుకోవడానికి వెనుదిరిగి వంగాడు. సముద్రపు గాలి బలంగా వీస్తున్న సాయంత్రమది. బంతి ఆ గాలి మీద తేలిపోయి, అవతలి గోలీ నెత్తి మీదుగా వలలో పడింది. జనం కేకలు వేస్తూ తన మీదికి పరుగెత్తుకు రావడం చూసి, ఏదో తప్పు జరిగిపోయిందనుకొని, "నేను చెయ్యి తగిలించలేదయ్యా" అని రిఫరీతో మొరపెట్టుకున్నాడు.

బడిపిల్లలతో పాటు మైదానపు గీత పక్కన నిలబడి నేను ఆ గోలు చూశాను. గోలు కంటే ఆ మొరే నాకు ఎక్కువగా గుర్తుంది.

తవిటయ్య నా శిష్యుడు. మనవాళ్ల సంగం నడిపే బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. చదువుకున్నాడన్నది మర్యాద కోసం వాడిన క్రియ. కిటికీ పక్కన కూర్చొని మైదానం వైపు చూసేవాడనడం నిజానికి దగ్గర. పెద్దవాడై చక్కెర మిల్లులో చేరాడు. చెరకు ఆడినన్నాళ్లూ యంత్రాలకు నూనె పోయడం, ఆదివారం రాగానే వైసారా రోవర్స్ ఎర్ర చొక్కా తొడుక్కొని ఎడమ వైపు వెనుక వరుస కాయడం అతని బ్రతుకైంది. జట్టు ఎప్పుడూ రెండో డివిజనులోనే ఉండేది. ఒకసారి మాత్రం మొదటి డివిజనుకు ఎక్కి, అక్కడి గాలి పడనట్లు మరుసటి ఏడాదే దిగివచ్చింది. జిల్లా జట్టుకు తవిటయ్యను పిలిచింది కూడా ఒక్కసారే. ఆ ఆటంతా అతను బల్ల మీద కూర్చొని, విరామంలో నారింజ ముక్కలు పంచి తిరిగివచ్చాడు. అయినా ఆ కథను బాతు కూర ఎదురుగా ఉన్నప్పుడల్లా ఎంతో సంతోషంగా చెప్పేవాడు. నారింజలు చాలా తీయగా ఉన్నాయట.

మోకాలు అరిగి ఆట మానుకున్నాక క్లబ్బు పెద్దరికం అతని మీద పడింది. ఆ రోజుల్లోనే జిల్లా సంఘం నుంచి ఒక తాఖీదు వచ్చింది: పన్నెండేళ్ల లోపు పిల్లల జట్టును దింపి, దాని తొలి ఆటను చివరిదాకా ఆడించలేని క్లబ్బు లీగు నుంచి తొలగించబడును.

ఇక్కడ కొంచెం ఆగాలి. కర్మణి ప్రయోగం మన భాషకు సహజం కాదని బడిలో ఉన్నన్నాళ్లూ బోధించాను. 'తొలగించబడును' అన్న క్రియలో తొలగించేవాడు ఎక్కడా కనబడడు. ఎవరిని తిట్టాలో తెలియకుండా చేయడానికే ఆ ప్రయోగం పుట్టి ఉంటుందని ఆనాడే నాకు బోధపడింది.

తాఖీదు సంగతి అలా ఉంచితే, మాకు పిల్లలే లేరు. కౌలు గడువులు తీరి, ఒక్కొక్క కుటుంబమే ఇంటి రేకులు విప్పుకొని పట్నాలకు తరలిపోయింది. బడిలో రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెడుతున్న కాలమది. ఎంత వెతికినా తవిటయ్యకు దొరికిన పిల్లలు జట్టులో సగానికి సరిపోలేదు. ఈ దీవికి కూలీలుగా ఓడలో వచ్చిన మా తాతలు, చెరకు నరికిన చేతులతోనే పొదలు కొట్టి ఆ మైదానం చదును చేశారు. ఆ జట్టు తన చేతుల్లో పోతే తాత ముఖం ఎలా చూస్తానని తవిటయ్య బెంగపెట్టుకున్నాడు. తాత పోయి చాలా కాలమైందని సత్తెమ్మ గుర్తుచేస్తే, అందుకే మరీ భయమన్నాడు. సత్తెమ్మ అతని భార్య. ఆమె మాట ముందు నా వ్యాకరణం కూడా తలవంచుతుంది.

పిల్లలు ఉన్నది ఏటికి అవతల, ఈ దీవి మూలవాసుల నకోరో గ్రామంలో. కాని ఆ ఊళ్లో పుట్టిన బిడ్డ నడవడానికి ముందే రగ్బీ బంతిని చంకలో పెట్టుకుంటుంది. కాలితో బంతి తన్నడం మావాళ్ల ఆట, చేత్తో పట్టుకొని పరుగెత్తడం వాళ్ల ఆట. ఎవరు గీశారో తెలియదు గాని ఆ గీత ఏటికన్న లోతైనది.

నకోరో పెద్ద సెతారెకి మిల్లులో తవిటయ్యతో కలిసి పనిచేసినవాడు. వాళ్లలో మేనత్త మేనమామల బిడ్డలు ఒకరినొకరు ఎంతైనా వేళాకోళం చేసుకోవచ్చు. అచ్చంగా మన బావాబామ్మర్దుల సరసమే. ఆ వరస కలుపుకొని వీళ్లిద్దరూ బాయిలరు పక్కన ఏళ్ల తరబడి ఒకరినొకరు తిట్టుకున్నారు. అతన్ని అడిగి ఒక గోలీని, నలుగురైదుగురు కుర్రాళ్లను తెచ్చుకుందామని తవిటయ్య బయలుదేరాడు. నాలుగు మంచి మాటలు చెప్పడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు.

వాళ్ల ఇంటికి ఏదైనా కోరి వెళ్లేవాడు, దంచి నీళ్లలో కలుపుకొని తాగే నంగోనా వేరు పట్టుకెళ్లాలి. తవిటయ్య కూడా నంగోనాయే తెచ్చాడు. అయితే మా కొట్లో దంచి, ప్లాస్టిక్ సంచిలో కట్టి అమ్మే పొడి తెచ్చాడు. మా ఇళ్లలో సాయంత్రాలు కలుపుకొనేది అదే గనుక అతనికి అనుమానమే రాలేదు. చాప మీద కూర్చొని, వినయంగా ఆ పొట్లాన్ని ముందుకు తోశాడు. సెతారెకి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"ఏంటి బావా ఇది? మా ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పని విన్నావా?"

"నంగోనాయే బావా. మంచి సరుకు."

"పంది తెస్తానని చెప్పి కూర వాసన తెచ్చినట్టుంది. వేరేదీ? పొడికి తలా లేదు, తోకా లేదు. దేన్ని ముట్టుకొని మాటివ్వను?"

తవిటయ్య ముఖం వాడిపోయింది. అప్పుడు సెతారెకి భార్య విలిమైనా పెరటి తలుపు నుంచి వచ్చి, తమ తోటలోని వేళ్ల కట్టను అతని ఒళ్లో పడేసింది.

"ఇది పట్టుకొని మెట్లు దిగి, మళ్లీ ఎక్కి రా తమ్ముడూ. మేమెవరమూ చూళ్లేదులే."

అతను దిగి, మళ్లీ ఎక్కాడు. ఇంటివాళ్లందరూ అప్పుడే తొలిసారి చూస్తున్నంత గంభీరంగా ముఖాలు పెట్టుకున్నారు. అరువు వేరును తవిటయ్య సమర్పించాడు, సెతారెకి దాన్ని ముట్టుకొని స్వీకరించాడు, గుంటచేసిన అరచేతులతో అందరూ చప్పట్లు కొట్టారు. కొబ్బరి చిప్ప ఒక వరుస తిరిగింది. అక్కడితో పని ముగిసిందని మేమనుకున్నాం.

ఇంతలో సెతారెకి మరో కట్టను తెప్పించి తవిటయ్య ముందుంచి, తల వంచి, వాళ్ల ఊరి పాత యాసలో సుదీర్ఘంగా మాట్లాడాడు. ఆ భాషంటే నాకు గౌరవం. మనకున్నట్టే వాళ్లకూ 'మనం' వేరు, 'మేము' వేరు; ఇంగ్లీషుకు ఈ భాగ్యం లేదు. ఆ ఉపన్యాసంలో 'మనం' చాలాసార్లు వినబడిందని మాత్రం గ్రహించగలిగాను. తవిటయ్య అదంతా కృతజ్ఞతే అనుకున్నాడు. మాట ముగియగానే, మా ఇళ్లలో నంగోనా గిన్నె దగ్గరి అలవాటు కొద్దీ, చేయి చాచి వేరును ముట్టుకొని గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇల్లంతా హోరెత్తింది. విలిమైనా కళ్లు తుడుచుకుంది. ధన్యవాదాలకు ఇంత సంబరమేమిటా అని నాకు అప్పుడే కొంచెం సందేహం కలిగింది.

ఏటి దాకా మమ్మల్ని సాగనంపడానికి సెతారెకి మనవరాలు లోసలీని వచ్చింది. పొడుగుచేతుల పిల్ల. దారిలో రాలిన మామిడికాయలను ఎగరేసి పట్టుకుంటూ నడుస్తోంది.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు మామా, అందర్నీ?"

"అందరూ అంటే ఎవరే?"

"మా ఊరి పిల్లలందరం. ఆడా మగా. ఒక్కర్ని కూడా వద్దనకుండా, నీ కాళ్లు నడిచినన్నాళ్లు నేర్పుతానని వేరు ముట్టుకున్నావుగా."

అప్పటికే ఏట్లోకి దిగిన తవిటయ్య నీళ్ల మధ్యలో ఆగిపోయాడు. "మాస్టారూ, తమరికి అర్థమయిందా ఆయన చెప్పింది?"

"సగం అర్థమయింది" అన్నాను. "ఇది మిగతా సగంలో ఉన్నట్టుంది."

ముట్టుకున్న వేరును వెనక్కి ఇవ్వడమంటూ ఉండదు. ఇంటికి వచ్చి చెబితే సత్తెమ్మ రొట్టెలు కాల్చడం ఆపకుండానే తీర్పు చెప్పింది.

"పెళ్లిలో కూడా పంతులు చెప్పింది వినకుండానే తలూపావు. ఏం, నష్టపోయావా?"

మరునాడు ఏటి గట్టు మీద పిల్లల గుంపు కనబడింది. అక్కల చంకల్లో తమ్ముళ్లు, వెనుక కుక్కలు. పిల్లలు లేరని బెంగపడ్డవాడికి పిల్లలను ఎక్కడ నిలబెట్టాలో తెలియలేదు. బంతి వేయగానే ఒకడు దాన్ని చంకలో పెట్టుకొని పరుగు తీశాడు, మిగిలినవాళ్లు అతని మీద పడ్డారు. తవిటయ్య ఈల ఊదాడు. వాళ్లు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నారు. వారం గడిచినా ఆ చేతులు బంతిని వదలలేదు. చేతులు వెనక్కి కట్టుకోమంటే పడి ముక్కులు పగిలాయి.

అప్పుడు మిల్లు వైపు వెళ్తున్న లారీ నుంచి రాలిన చెరకు గడ తవిటయ్య కళ్లబడింది. దాన్ని ముక్కలుగా నరికి, ఒక్కొక్కరి రెండు పిడికిళ్లలో రెండు ముక్కలు పెట్టాడు. ఆట అయ్యేదాకా జారవిడవనివాళ్లకే అది తినే హక్కు. గోలు కాసే లోసలీనికి మాత్రం ఖాళీ చేతులు. ఆమె వాటా చెరకు గోలు కర్రకు ఆనించి ఉండేది. ఆ రోజు నుంచి పిల్లల కాళ్లకు బుద్ధి వచ్చింది. రెండు పిడికిళ్లు బిగించి, ముఖం ఎర్రబరచుకొని, మావాళ్ల పిల్లలూ నకోరో పిల్లలూ కలిసి బంతి వెంట పరుగెత్తుతుంటే, చూడడానికి పనులు మానుకొని వచ్చేవాళ్లం. లోసలీనితోనే ఒక చిక్కు మిగిలింది. బంతిని పట్టడంలో ఆమెకు సాటి లేదు. పట్టాక ఆగడమే తెలియదు. మైదానమంతా పరుగెత్తి అవతలి గోలు గీత మీద బోర్లా దూకేది.

తొలి ఆట పట్నం పిల్లలతో, మా మైదానంలోనే జరిగింది. ఏటికి అవతలివాళ్లంతా చాపలతో, కుండలతో దిగారు. రిఫరీ షంషుద్దీన్. వారమంతా పట్నంలో క్షవరాలు చేసేవాడు, ఆదివారం ఈల పట్టుకొనేవాడు. రెండు చోట్లా చేయి వణకని మనిషి.

మొదటి సగంలో, రిఫరీ ఒప్పుకోడేమోనని, చేతుల్లో చెరకు లేదు, చుట్టూ సొంత ఊరి కేకలు. నకోరో కుర్రాళ్లు పట్నం పిల్లలను నడుము పట్టి పడగొట్టారు. షంషుద్దీన్ ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు, ఆపైన ఒక్కొక్కరినే బయటికి పంపాడు. లోసలీని కూడా ఒకసారి బంతితో సగం మైదానం పరుగెత్తి పసుపు కార్డు తెచ్చుకుంది. విరామానికి మాకు మిగిలింది ఏడుగురు. ఏడుగురికి తగ్గితే ఆట రద్దు. ఆట రద్దయితే క్లబ్బు లేదు. గోల్స్ సంగతి ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పట్నంవాళ్లు అప్పటికే మూడు కొట్టేశారు.

తవిటయ్య పక్క పొలంలోకి వెళ్లి ఒక గడ విరుచుకొచ్చాడు. దాన్ని బొటనవేలంత ముక్కలు చేసి పిల్లల పిడికిళ్లలో పెట్టి, షంషుద్దీన్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. రిఫరీ ఒక పిల్లవాడి పిడికిలి విప్పి చూసి, ఆ ముక్కను వాసన చూసి, మళ్లీ అందులోనే పెట్టాడు.

"పదునైనవి పట్టుకోకూడదని ఉందిగాని, తీపివి పట్టుకోకూడదని ఎక్కడా లేదు. ఆడించు అన్నా."

రెండో సగంలో ఒక్క చేయి లేవలేదు. అవతలివాళ్లు మరో గోలు వేశారు, మనవాళ్లు ఒకటి వేశారు. వేసినవాడు కూడా పిడికిళ్లు విప్పకుండానే ఎగిరాడు. అలా ఆఖరి నిమిషం వచ్చింది. పట్నం పిల్లవాడొకడు బలంగా తన్నిన బంతిని లోసలీని గాలిలోనే అందుకొంది. ఆమె ముందు మైదానం ఖాళీగా ఉంది. గీత పక్క నుంచి సెతారెకి, ఊరి పెద్దనన్న సంగతి మరచి, లేచి నిలబడ్డాడు.

"పరిగెత్తవే తల్లీ!"

నకోరో అంతా అదే అంది. ఆమె రెండడుగులు వేసింది. గోలీ బంతిని చేత్తో పట్టుకోదగ్గ పెట్టె గీత దగ్గరికి వచ్చింది. ఆ గీత దాటితే రెండో కార్డు, ఆ కార్డుతో ఆరుగురు, ఆరుగురితో మా తాతల మైదానం ఒట్టి గడ్డి బీడు. తవిటయ్య రెండు పిడికిళ్లు బిగించి పైకెత్తి చూపాడు. వాటిలోనూ చెరకు ముక్కలున్నాయని నేను అప్పుడే గమనించాను.

లోసలీని గీత మీద ఆగింది. చేతుల్లోని బంతిని ఒకసారి దిగులుగా చూసుకొని, వదిలి, కాలితో తన్నింది. అంత ఎత్తు తన్ను మా మైదానం ఎరగదు. బంతి పట్నం జట్టు మీదుగా, గోలు మీదుగా, చెరకు తోటలోకి పోయింది. ఈసారి తవిటయ్య వెనుదిరగలేదు. అది ఆకుల్లో మునిగేదాకా తల ఎత్తి చూశాడు. షంషుద్దీన్ పొడుగ్గా ఈల ఊదాడు. ఆట ముగిసింది, అంటే ఆట పూర్తయింది.

ఓడిన జట్టు అంత సంతోషంగా చెరకు నమలడం నేను ఇంకెక్కడా చూడలేదు. సెతారెకి వచ్చి తవిటయ్య మెడ చుట్టూ చేయి వేశాడు.

"మా పిల్ల కాళ్లు చెడగొట్టావు బావా."

"వేరు నువ్వే ముట్టించావు బావా. ఇంకా చాలా చెడగొడతాను."

ఆ బంతి కోతల కాలంలో దొరికింది. కోత ముఠావాళ్లు దాన్ని గడల నడుమ నుంచి తీసి తవిటయ్య గుమ్మంలో పెట్టి వెళ్లారు. కోతకు ముందు ఆకు కాల్చిన మసి కాస్త పట్టింది, గాలి మాత్రం పోలేదు. ఇన్నేళ్ల తరువాత, ఇప్పుడు అతను కర్ర ఊతంతో మైదానానికి వెళ్తున్నాడు. కర్ర పట్టుకొని నడిచినా నడిచినట్టేనని నకోరోవాళ్లు తీర్మానించారు. లోసలీని పెద్దకూతురు ఈ ఏడాదే చేరింది. నిన్న సాయంత్రం ఆ పిల్ల పిడికిళ్లలో చెరకు ముక్కలు పెట్టింది నేనే.