యూరియాను పట్టిచ్చిన పొర

అవ్వకు గొంతే లేవదని ఫోన్లో నవ్వుతారు కదా మీరిద్దరూ. గొంతు లేవకపోయినా నేను ఒక మనిషి మీద పగ తీర్చుకున్నాను. చెబుతాను, వినండి.

తొంభైల చివర్లో మేము చౌడేపల్లె దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. మా అత్త రెండావుల పాలు ఊరి పాలకేంద్రంలో పోసేది. ఒకరోజు మా ఊరి క్యాన్‌లో యూరియా, అంటే నీళ్ళ పాలు చిక్కగా తేలాలని వేసే ఎరువు, ఉందని పుంగనూరు డెయిరీ నుంచి వెనక్కి పంపారు. కేంద్రం నడిపే ఆయన వరసలో నిలబడ్డ అత్తను పట్టుకున్నాడు.

"ఈ యమ్మే కలిపింటాది. ఇంగ నీ పాలు ఈడ వద్దు."

"ఆవులకు మేతే లేదు, యూరియా యాడ తెచ్చేదప్పా?"

"మేత లేకనే గదా కలిపేది!"

అందరూ నవ్వారు. ఆ తర్వాత మా ఇంటి మజ్జిగ కూడా ఎవరూ తీసుకోలేదు. అత్త గడప దాటడం మానేసింది. అందరి పాలూ పోశాక, ఎవరూ చూడకుండా క్యాన్‌లో పడేవి ఆయన ఇంటి పాలే. నా అనుమానమంతా వాటి మీదే.

అప్పట్లో నేను మదనపల్లెలో ఒక కాలేజీ ల్యాబ్ అటెండర్ని. కెమిస్ట్రీ సారు పరిశోధనకు పొరలు పోసేదాన్ని. పీవీసీ పొడిని, అమ్మోనియాన్ని పట్టే మందును ద్రావకంలో కరిగించి గాజు ఉంగరంలో పోసి, రెండు రోజులు కదపకుండా ఆరనిస్తే, మీగడకంటే పలచని పొర వచ్చేది. దాన్ని గొట్టం చివర అతికించి నీళ్ళలో ముంచితే, అమ్మోనియం ఎంతుంటే మీటరులో అంకె అంత లేచేది.

క్యాన్లు కడిగే ఆమె కేంద్రం ఆయన బిందెలోంచి సీసాడు పాలు పట్టి ఇచ్చింది. ల్యాబ్‌లో గొట్టం ముంచాను, యూరియా ఉంటే అమ్మోనియం తేలుతుందనుకుని. అంకె ఎగిరింది.

"దొరికినాడు సార్! ఈ పొద్దే బస్సెక్కి పోతా."

"మీ పాలు పెట్టి సూసినావామ్మా?"

మరునాడు పెట్టాను. దాదాపు అదే అంకె.

"పాలల్లో పొటాషియం ఉంటాది. దాన్ని సూసి గూడా మన పొర మోసపోతాది. యూరియానైతే అది సూడనే సూడదు. ముందే పోయింటే మీ అత్తే దొంగయ్యేది," అన్నాడు సారు.

దారి కూడా ఆయనే చెప్పాడు. పచ్చి కందిపప్పు పిండి కలిపితే యూరియా విరిగి అమ్మోనియం అవుతుంది. కలపకముందు అంకె, కలిపాక అంకె. ఆ రెంటి మధ్య తేడా చూడాలి.

డెయిరీ సూపర్‌వైజరు వచ్చే రోజున, సారు ఇచ్చిన మీటరుతో వరస ముందు నిలబడ్డాను. పిండి కలిపాక మా పాలల్లో అంకె కదిలీ కదలనట్టుంది. సూపర్‌వైజరు తీయించిన కేంద్రం ఆయన పాలల్లో ఎక్కుతూనే పోయింది.

"ఏమప్పా, నీ ఆవు యూరియా మేస్తాండాదా?" ఎవరో అరిచారు.

ఆయన నా దగ్గరికి వచ్చి, "అమ్మా, లోపలికి రాండి, మాట్లాడుకుందాం," అన్నాడు.

"యాలప్పా? ఈడనే సెప్పు, అందురూ ఇంటారు."

కలిపింది తానేనని చెప్పాడు. నేను మళ్ళీ చెప్పించాను, వెనకున్నవాళ్ళకు వినపడలేదని. నాకు ఎంత హాయిగా ఉండిందో!

ఆ వారమే కేంద్రం ఆయన చేతిలోంచి పోయింది. తర్వాత ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. సూపర్‌వైజరుకు ఒక్క మాట చెప్పమని ఏడ్చింది. "సెప్పమ్మా, పిల్లలుండారు వాళ్ళకు," అంది అత్త, అంత అవమానం పడిన అత్తే.

"నేను సెప్పనక్కా," అన్నాను, మెల్లగానే. ఆమె చాలాసేపు నిలబడింది. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.