మూడు రోజుల గడువు

సోమవారం పొద్దున్న ఏడు కాకముందే మేజర్ రాఘవులు తయారై సోఫాలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, ఒళ్ళో ఆకుపచ్చ గద్వాల చీర ఉన్న కవరు. కూతురు రాగిణి ఆఫీసుకి వెళ్తూ ఆయన్ని ట్రాయ్‌లో చెల్లెలింటి దగ్గర దింపేది ఎనిమిదిన్నరకి. డెబ్బై మూడేళ్ళొచ్చినా గంట ముందు సిద్ధం కాకపోతే ఆయనకి ఊపిరాడదు.

"టెన్షన్ పడకు నాన్నా. అత్త నిన్నేం తిట్టదులే," అంది రాగిణి కాఫీ ఇస్తూ.

"తిట్టినా బాగుండునమ్మా," అన్నాడాయన.

చెల్లెలు కోటమ్మ ఆయనతో మాట్లాడి ఇరవై ఒక్క ఏళ్ళయింది మరి.

సైన్యం నుంచి రిటైరై గోదావరి ఒడ్డున సొంత ఊరికొస్తే, లంచం తినని మనిషని జనం ఆయన్ని మున్సిపల్ చైర్మన్‌ని చేశారు. బజారు రోడ్డు వెడల్పు చేయాలని పట్టుబట్టాడు. ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ముందు తన ప్రహరీ మీద గీత గీశాడు. రెండో గీత చెల్లెలి ఇంటి మీద. ఇంటి ముందు వసారాలోనే బావ రాధాకృష్ణ పిండిమర ఉండేది. సొంతవాళ్ళ గోడ ముందు కూలితే ఊళ్ళో ఎవడూ నోరెత్తడని మేజరుగారి ఎత్తు.

రాధాకృష్ణ వచ్చి అడిగాడు. మర ఊడదీసే మేస్త్రీ రాజమండ్రి నుంచి రావాలి, మూడు రోజులు గడువిమ్మని. "తేదీ అంటే తేదీ బావా. నీకిస్తే రేపు ఊరంతా అడుగుతుంది," అన్నాడు చైర్మన్‌గారు. చెప్పిన రోజున, చెప్పిన టైముకి గోడ కూలింది, మర మీదే కూలింది. రాధాకృష్ణ ఆ తర్వాత కోలుకోలేదు. రెండో ఏడు తిరక్కుండానే పోయాడు. రోడ్డు మాత్రం దివ్యంగా వచ్చింది. ఇప్పటికీ దాన్ని మేజరుగారి రోడ్డనే అంటారు. ధర్మంగానే చేశానని ఆయన అందరితో అనేవాడు. కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం చెల్లెలు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

భార్య పోయాక ఆయన అమెరికాలో కూతురి దగ్గరికి, ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చేశాడు. ఈ ఆగస్టులో కోటమ్మ కూడా కొడుకు ఉమాకాంత్ దగ్గరికి ట్రాయ్ వచ్చింది. కారులో అరగంట దూరం. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. కిందటి వారం ఫోన్‌లో వాయిస్ మెసేజ్.

"అన్నయ్యా, కోటమ్మని. దీపావళి వెళ్ళిన రెండోనాడు ఇంటికి రా. వండిపెడతాను."

భగినీ హస్త భోజనం. ఆ రోజు చెల్లెలి చేతి అన్నం తిన్న అన్నకి యముడి భయం ఉండదంటారు. ఒక యుద్ధం చూసొచ్చిన మనిషికి యముడితో ఏం పని? ఆయనకి కావలసింది కోటమ్మ చేతి అన్నం. ఆ మెసేజ్ తొమ్మిదిసార్లు విన్నాడు. తిరిగి ఫోన్ చేస్తే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని చేయలేదు. మనవరాలు నిధి క్యాలెండర్‌లో శనివారం చుట్టూ గులాబీ రంగు సున్నా చుట్టి, "దివాలీ పార్టీ తాతా!" అంది. శనివారం దీపాలు పెట్టారు, పాతికమంది వచ్చారు, మిఠాయిలు తిన్నారు. తిథులు చూసి చెప్పే భార్య లేదు. ఆదివారం ఒకటి, సోమవారం రెండు. మేజరుగారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

ట్రాయ్‌లో బెల్లు కొడితే తలుపు కోటమ్మే తీసింది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. వంట వాసన కూడా లేదు.

"ఇవాళా అన్నయ్యా రావడం?" అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"దీపావళి బుధవారం కదా. శుక్రవారం వండాను. గుత్తివంకాయ, పులిహోర, నీకిష్టమని బూరెలు. నువ్వు తినందే నేనెలా తింటాను? పొద్దుపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఆఖరికి ఉమాకాంత్ వచ్చి బలవంతాన మజ్జిగ తాగించాడు. ఫోన్ చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. రావాలనుంటే వస్తాడులే అన్నాను."

మేజరుగారు మళ్ళీ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఇక్కడ శనివారం చేశారే పండగ. వీళ్ళకి వీకెండ్‌లోనే కదా అన్నీ. నేను అదే అనుకుని... కోటీ, రానని కాదే. మూడు రోజులే కదే తేడా!"

కోటమ్మ మామూలుగానే అంది. కోపంగా కూడా కాదు.

"ఆయన అడిగిందీ మూడు రోజులే అన్నయ్యా."

లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పరాయివాళ్ళొచ్చినా ఇస్తాం కదా, అలాగే. తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన చీర టీపాయ్ మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. గదిలోంచి ఏడుపు వినిపించింది. లేచి తలుపు దాకా వెళ్ళాడు. కొట్టడానికి చెయ్యెత్తాడు. ఏ మొహంతో కొడతాడు? మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. తలుపు తెరుచుకోలేదు.

ఐదున్నరకి రాగిణి హారన్ కొట్టింది. వీధిలో హాలోవీన్ వేషాలతో పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు తలుపు తీసి వాళ్ళ సంచుల్లో తినడానికి ఏదో వేస్తున్నారు. మేజరుగారు కారెక్కి బెల్టు పెట్టుకున్నాడు.

"అత్త మాట్లాడిందా నాన్నా?"

"మాట్లాడిందమ్మా."

"ఏం వండింది?"

లంచం తినని, అబద్ధం ఆడని మనిషి కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

"గుత్తివంకాయ, పులిహోర, బూరెలు," అన్నాడు. "కడుపునిండా తిన్నాను."