ప్రతి పెట్టెలో ఒక జాతకం

మా పక్కింటి మావయ్య పోయారు. ఆ కబురు అందినప్పుడు నేను కోరాపుట్‌లో, మా డిప్లొమా కాలేజీ వర్క్‌షాపులో లేత్ మిషన్ ముందు నిలబడి ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి ముందు "తిన్నావేటి?" అని అడిగింది. తిన్నానన్నాక చెప్పింది: "మావయ్య పోయేరే అమ్మి. పొద్దున్న టీ తాగేరు, గ్లాసు కింద పెట్టేరు, అంతే."

చేతిలో ఉన్న మైక్రోమీటరును గుడ్డతో తుడిచాను. పెట్టెలో పెట్టి మూత వేశాను. ఆ తరవాతే ఏడ్చాను. పనిముట్టు చేతిలో ఉండగా కంగారు పడకూడదని నాకు నేర్పింది ఆయనే.

మైక్రోమీటరు గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అది అరచేతిలో పట్టే ఉక్కు కొలత సాధనం. ఒక పిడిని తిప్పుతూ ఉంటే రెండు మొనలు దగ్గరవుతాయి, మధ్యలో ఉన్న వస్తువు మందం ఎంతో గీతల మీద కనబడుతుంది. మిల్లీమీటరులో నూరో వంతును ఒక గీత అంటాం. తల వెంట్రుక ఆరేడు గీతల మందం ఉంటుంది. మావయ్య ప్రపంచం ఆ ఆరేడు గీతల లోపల ఉండేది, అయినా అది చాలా విశాలంగా ఉండేది.

ఆయన ఒక ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల పెద్దలది పార్వతీపురం వైపు. రాయగడలో మా ఇంటి పక్కన ఇల్లు కొనుక్కుని, పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాత లేత్ ఒకటి, డ్రిల్లు మిషన్ ఒకటి పెట్టుకున్నారు. గోడ పక్కన చెక్క బీరువా. అందులో మైక్రోమీటర్లు, వెర్నియర్లు, డయల్ గేజిలు లాంటి కొలత సాధనాలు అన్నీ కలిపి పదిహేడు ఉండేవి. ఒక్కటీ కొత్తది కాదు.

"కొత్తవి పింఛనుకి అందితేనా" అని అత్త నవ్వేది. అత్త అంటే ఆయన భార్య.

"కొత్తది ఎలాటిదో ఎవుడికి తెలుసు? పాతదైతే దాని బతుకు తెలుస్తాది" అని ఆయన సమాధానం.

నేను పదో తరగతిలో ఉండగా మొదటిసారి ఆ షెడ్డులోకి వెళ్లాను. అమ్మ కుట్టుమిషనులో అరిగిపోయిన కడ్డీ ఒకటి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చూసి, ఒక మైక్రోమీటరు నా చేతిలో పెట్టి కొలవమన్నారు. నేను గట్టిగా బిగించి కొలిచాను.

"అలగ పీక నొక్కితే ఎవులైనా అబద్ధమే సెప్తారు. మెల్లగా అడుగు" అన్నారు.

మెల్లగా తిప్పాను. చివర ఉన్న చిన్న పిడి టిక్ టిక్ టిక్‌మని మూడుసార్లు జారింది. ఆ చప్పుడు వినగానే ఆగాలట. ఆ రోజు నుంచి బడి వదలగానే నా కాళ్లు అటే వెళ్లేవి.

ఆయన సామాను కొనే తీరు చూడవలసిందే. జయపురంలో రైసు మిల్లుల వెనక పాత ఇనుము దుకాణాలు కొన్ని ఉన్నాయి. మూతపడిన వర్క్‌షాపుల సామాను అక్కడికి చేరుతుంది. మావయ్య పాత కళ్లజోడు పెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, అందులో మూడు ఉక్కు దిమ్మలు పెట్టుకుని బయలుదేరేవారు. ఐదు, పది, ఇరవై మిల్లీమీటర్ల దిమ్మలు. అద్దంలా మెరిసేవి. రెండింటిని ఒకదాని మీద ఒకటి జరిపి నొక్కితే జిగురు లేకుండానే అతుక్కునేవి. నునుపు అనే మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది.

దుకాణంలో ఏదైనా మైక్రోమీటరు నచ్చితే ఆయన ధర అడగరు, కొలవరు. దాన్నీ, తన దిమ్మల్నీ నీడలో ఒక రాతిపలక మీద పక్కపక్కన పెట్టి టీ చెప్పేవారు. చేతి వేడికి కూడా ఉక్కు సాగుతుంది కాబట్టి రెండూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. అరగంట పట్టేది.

"మౌసా, టీ తాగడానికొచ్చేరా, కొనడానికొచ్చేరా?" అనేవాడు దుకాణదారు. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే ఆ మనిషి ఆయన్ని బాబాయి వరసలో మౌసా అని పిలిచేవాడు.

"పెళ్లిచూపులకొచ్చేను. పిల్లని కూకోనీ కాసేపు."

"మీరు ఇలగే కూకుంటే పిల్ల ముసిల్దయిపోద్ది."

"ముసిల్దానికోసమే కదరా ఇంత దూరం వచ్చింది."

ఆ తరవాత కాగితం ముక్కతో మొనలు తుడిచి, సున్నా దగ్గర చూసి, ఒక్కో దిమ్మనూ కొలిచేవారు. సున్నా దగ్గర సరిగా ఉంటే చాలని అందరూ అనుకుంటారు. ఏళ్ల తరబడి ఒకే సైజు కొలిచిన సాధనం ఆ సైజు దగ్గరే లోపల మర అరిగి తప్పు చెబుతుంది, సున్నా దగ్గర మాత్రం అమాయకంగా ఉంటుంది. ఈ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పారో. ఆ వీధిలో ఆయన మాటకు విలువ ఉండేది. "మౌసా సూసేరు" అంటే ఇంక బేరగాళ్లు మరో ప్రశ్న వేసేవారు కాదు.

తప్పున్నవాటిని కూడా ఆయన కొనేవారు. ఇంటికి తెచ్చి, ఎక్కడెక్కడ ఎంత తప్పు చెబుతుందో చూసి, చిన్న చీటీ మీద రాసి దాని పెట్టెలో పెట్టేవారు. దాన్ని జాతకం అనేవారు. "పన్నెండు దగ్గర రెండు గీతలు తక్కువ చెబుతుంది. మిగతా చోట్ల నిజమే." "ఎండలో నమ్మరాదు." "పిడి వదులు. ఓపికగా అడిగితే నిజం చెబుతుంది." పదిహేడు పెట్టెల్లో పదిహేడు జాతకాలు.

నేను చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ చదవడం ఎవరూ నేర్పలేదు. నా మొదటి తెలుగు వాచకం ఆ చీటీలే. ఆయన వేలు పెట్టి చూపిస్తే కూడబలుక్కుని చదివేదాన్ని. ఫ్యాక్టరీలో అన్నీ ఇంగ్లీషులో రాసిన మనిషి, ఇవి తెలుగులో ఎందుకు రాశారని అడిగాను. "అక్కడ రాసింది ఫ్యాక్టరీ మాట. ఇది నా మాట" అన్నారు. నిఖార్సు, వదులు, బిగువు, నునుపు, ఒరుపు. ఒక్కో మాటా ఆ షెడ్డులో ఇనుములా చేతికి తగిలేది. సుమారు అనే మాట మాత్రం అక్కడ పనికిరాదు. "అది వంకాయలకి" అనేవారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు.

డిప్లొమా రెండో ఏడాదిలో నాకంటూ ఒక మైక్రోమీటరు కొనిస్తానన్నారు. రాయగడ నుంచి రైలెక్కి వచ్చారు, కోరాపుట్‌లో నేను ఎక్కాను, ఇద్దరం జయపురంలో దిగాం. రేకుల కింద, సాయంత్రం వెలుగులో, ఎర్ర మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో ఒకటి దొరికింది. అరగంట ఆగాం. ఆయన సున్నా చూశారు, పది చూశారు. ఇరవై దిమ్మ పెట్టి, "కచ్చితంగా ఇరవై" అన్నారు. నా చేతికిచ్చారు. నేను చూస్తే ఇరవై మీద రెండు గీతలు ఎక్కువ కనబడ్డాయి. మళ్లీ తిప్పాను. మళ్లీ రెండు గీతలు.

దుకాణదారు చూస్తున్నాడు. మరో ఇద్దరు బేరగాళ్లు చూస్తున్నారు. నలుగురిలో మావయ్య మాటకు అడ్డం చెప్పడం నాకు చేతకాలేదు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అన్నాక ఆడపిల్ల కాదనడం ఎప్పుడూ వినలేదు.

"ఎంతుంది అమ్మి?"

"ఇరవై, మావయ్యా."

కొత్తగా వచ్చిన సామానుతో మొదటి పని చేయడాన్ని ఆయన బోణీ అనేవారు. ఆ వారమే జయపురం నుంచి ఒక రైసు మిల్లు మనిషి విరిగిన పిన్ను పట్టుకుని రాయగడ వచ్చాడు. యంత్రభాగాలను కలిపి ఉంచే, ఇరవై మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పిన్ను. కోతల రోజులు, మిల్లు ఆగిపోయి ఉంది. మర్నాడు ఉదయం మావయ్య తన పదిహేడింటినీ పక్కన పెట్టి, నా మైక్రోమీటరుతో కొలిచి పిన్ను చేశారు. సెలవుకి వచ్చిన నేను పక్కనే ఉన్నాను. రెండు గీతలే కదా, నా చూపే తప్పేమో, అని సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజుకి పిన్ను తిరిగొచ్చింది. రంధ్రంలో వదులుగా ఆడుతోందట. మిల్లు మళ్లీ ఆగింది. ఆయన పిన్నును మరో మైక్రోమీటరుతో కొలిచారు. రెండు గీతలు తక్కువ ఉంది. నా మైక్రోమీటరు తీసి, ఉదయపు ఎండ పడే కిటికీ దగ్గర, ఇరవై దిమ్మను ముందు కుడి కంటితో, తరవాత ఎడమ కంటితో చాలాసేపు చూశారు.

"నాకు ఆ రోజే కనబడింది మావయ్యా" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మరెందుకు సెప్పలేదు?"

"మీరు ఇరవై అన్నారు కదా."

"నాకు గౌరవం ఇచ్చేవు. కొలతకివ్వలేదు" అన్నారు మెల్లగా. "నాను తప్పితే నువ్వు కాకపోతే ఎవులు సెప్తారే?"

పిన్ను మళ్లీ చేసి, తనే రైల్లో తీసుకెళ్లి మిల్లులో బిగించారు. నన్నూ వెంట తీసుకెళ్లారు. మిల్లు నుంచి నేరుగా ఆ పాత ఇనుము దుకాణానికి నడిచారు. ఇంతకాలం ఆ వీధిలో తన మాటకు విలువ కూడబెట్టుకున్నారు. దాన్ని ఏం చేయబోతున్నారో నాకు అర్థమైంది.

"ఆ రోజు నాను తప్పు సూసేను" అన్నారు దుకాణదారుతో, బేరగాళ్లు వింటూ ఉండగా. "ఈ అమ్మి సరిగ్గా సూసింది. నా వల్లే దాని నోరు లేవలేదు."

దుకాణదారు తల గోక్కుని, "అయితే మౌసా, ఇకనుంచి ఒంటరిగా రాకండి. ఆ పిల్లని తెండి" అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్య అందరికన్నా ఎక్కువ నవ్వారు. తప్పు ఒప్పుకున్న మనిషి అంత తేలిగ్గా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం నా మైక్రోమీటరుకి జాతకం రాసిచ్చారు. "ఇరవై దగ్గర రెండు గీతలు ఎక్కువ. మొదట పట్టుకున్నది అమ్మి." ఇప్పటికీ నా దగ్గర ఉన్నది అదే.

పోవడానికి వారం ముందు ఫోన్ చేశారు. "టికిరి సంతలో ఒకటి కొన్నాను. నువ్వొచ్చి సూడాల."

"పరీక్షలు మావయ్యా. పై వారం వస్తాను."

"తొందరేటి నేదు. ఇనుము ఎక్కడికీ పోదు."

పన్నెండో రోజు కార్యం అయ్యాక, మర్నాడు ఉదయం అత్త షెడ్డు తాళం నా చేతికిచ్చింది. "ఏవి ఎక్కడ పెట్టాలో నీకే తెల్సు" అంది.

బల్ల మీద, రాతిపలక పైన టికిరి మైక్రోమీటరు ఉంది. పక్కన ఐదు, పది దిమ్మలు పదిహేను అయ్యేలా అతికించి ఉన్నాయి. దిమ్మల్ని ఎక్కువసేపు అలా వదలకూడదని ఆయనే అనేవారు. అంటే టీ తాగి తిరిగి వద్దామనే అనుకున్నారు.

కళ్లజోడు పెట్టె తెరిచి ఉంది. ఇరవై దిమ్మ కింద ఒక చీటీ. "నేను" అని మొదలైంది. "సాయంత్రం వెలుగులో రెండు గీతలు తక్కువ చదువుతాను. ఉదయం పదకొండు గంటల లోపు నిజమే. సందేహముంటే అమ్మి చూడాలి." కాగితం మడతల దగ్గర నలిగి ఉంది. చాలా రోజుల కిందటే రాసుకున్నారు. తన జాతకం తనే రాసుకుని, ప్రతి బేరానికీ వెంట తీసుకెళ్లారన్నమాట.

మైక్రోమీటరు పెట్టెలో ఇంకో చీటీ ఉంది. "టికిరి సంత. సున్నా నిజమే. ఐదు, పది, ఇరవై నిజమే. పదిహేను" అని రాసి ఆగిపోయింది.

చేతులు కడుక్కుని వచ్చాను. వేడి సమానం కావడానికి ఆగనక్కర్లేదు, అవి పదమూడు రోజులుగా పక్కపక్కనే ఉన్నాయి. కాగితంతో మొనలు తుడిచి, దిమ్మల్ని మధ్యన పెట్టి మెల్లగా తిప్పాను. టిక్ టిక్ టిక్. కిటికీలోంచి ఎండ సరిగ్గా గీతల మీద పడుతోంది. వదిలి మళ్లీ కొలిచాను. మూడోసారి కూడా కొలిచాను.

"మావయ్యా, పదిహేను దగ్గర ఒక గీత ఎక్కువుంది" అన్నాను పైకి.

"ఎవుల్తో మాటాడుతున్నావే అమ్మి?" అత్త గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యకి సెప్తున్నానత్తా. ఇది ఒక గీత ఎక్కువ సూపిస్తోంది."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని బల్ల వైపు చూసింది. "అయితే రాసీ మరి. ఆయనైతే ఈపాటికి రాసేద్దురు."

ఆయన పెన్ను బల్ల సొరుగులోనే ఉంది. చీటీ మీద ఆయన అక్షరాలు కుడివైపుకి వాలి, ఎక్కడికో నడుస్తున్నట్టున్నాయి. వాటి చివర, పదిహేను పక్కన, నావి ఒడియా అక్షరాల్లా గుండ్రంగా, కాస్త పెద్దగా వచ్చాయి. దిమ్మల్ని విడదీసి, నూనె రాసి, కళ్లజోడు పెట్టెలో పడుకోబెట్టాను. మైక్రోమీటరు పెట్టె మాత్రం, సిరా ఆరేదాకా, మూత వేయకుండా ఎండలో ఉంచాను.