నడుమ మనిషి కోసం అడిగినవాడు

జహంగీర్ భాయ్ పోయాడని నాకు పాల ప్యాకెట్ల దుకాణం దగ్గర తెలిసింది. చెప్పినాయన చిల్లర జేబులో వేసుకుంటూ మామూలుగా అన్నాడు: "డబ్బాల జహంగీర్ పోయిండట సాబ్, ఎరికేనా?" ఎరికే అన్నట్టు తలాడించాను. నిజానికి తెలియదు. నాలుగు రోజుల కిందటే ఆయన దుకాణం గడప మీద కూర్చుని ఇద్దరం చాయ్ తాగాం. దగ్గు వచ్చినప్పుడు గ్లాసు నా చేతికిచ్చి, తగ్గాక మళ్ళీ తీసుకున్నాడు. రోజూ కంటే అంతే తేడా.

ముప్పై ఏళ్ళు కామారెడ్డి నుంచి వార్తలు రాసినవాణ్ణి. ఎన్ని చావులు రాశానో లెక్క లేదు. ఆ రోజు కూడా నాలుగు వాక్యాలు రాసి డెస్కుకు ఫోన్ చేసి చదివాను. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ అడిగింది: "ఆయన ఏం చేసేవారండీ?" స్పీకర్లు చేసేవాడన్నాను. "షాపు పేరు?" దుకాణానికి పేరు లేదు, బోర్డూ లేదు. వార్త రాలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నాలుగు వాక్యాల్లో పట్టే మనిషిని కాకుండా ఆయన్ని ఎందుకు ఎన్నుకున్నానని ఎవరూ అడగని చోట, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

జహంగీర్ భాయ్ వడ్రంగం నేర్చి, రేడియో మరమ్మతు నేర్చి, రెండూ కలిపి ఇళ్ళల్లో నేల మీద నిలబెట్టుకునే ఎత్తు స్పీకర్లు చేసేవాడు. కంపెనీవాళ్ళు వాటిని టవర్లంటారు. మా ఊళ్ళో నిలువు డబ్బాలు. మందపాటి ప్లైవుడ్ కోసి, కీళ్ళు కలిపి, లోపల పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర తెచ్చిన ఏకిన దూది పరిచి, అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అతికించేవాడు. జోడుగా తప్ప చేసేవాడు కాదు. ఎవరైనా ఒక్కటి చాలంటే, "ఒక్క చెప్పు కుట్టమంటవా?" అనేవాడు.

డబ్బాలు ఇచ్చి నెల తిరిగాక ఆయన అసలు పని మొదలయ్యేది. కొలత టేపు జేబులో వేసుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు. కొన్నవాళ్ళు ఏం అనుకుంటున్నారో అడిగి, అట్ట చిరిగిన పొడుగు నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఒక్కో జోడుకు ఒక్కో పుట. ఆ పుస్తకం నేను చాలాసార్లు తిరగేశాను. ఒకాయన: "కిటికీ అద్దాలు కదుల్తలేవు, పైసలు దండుగ." ఒక టీచరు: "మా ఇంటామె పిలిస్తే వినవడుతలేదు, చాన మంచిగున్నయి." ఆ కిందనే టీచరుగారి భార్య: "పూలకుండి పెట్టుకునేతందుకు ఎత్తు సరిగ్గున్నది." బీర్కూర్ రైతు ఒకాయన చెప్పినదాని పక్కన జహంగీర్ భాయ్ నక్షత్రం గుర్తు వేసుకున్నాడు: "నిజాంసాగర్ నీళ్ళు కాలువకు ఇడిసినప్పుడు ముందుగాల సప్పుడొస్తది, ఎనుకకు నీళ్ళొస్తయి. గట్లున్నది."

తిట్లు కూడా తిట్టినట్టే ఉండేవి. ఎందుకు దిద్దలేదని ఒకసారి అడిగాను.

"మీరు పేపరోళ్ళు సాబ్, మందిమాటలు దిద్ది రాస్తరు. నేను దిద్ద. డబ్బా నాది, చెవి వాండ్లది."

ఆ మాట నన్ను కొన్నాళ్ళు తొలిచింది. తరవాత రాసిన వార్తల్లో నేను దిద్దడం తగ్గించానని మాత్రం చెప్పలేను.

అందరూ అన్నీ చెప్పాక చివరికి ఆయన ఒకటే ప్రశ్న వేసేవాడు: "నడుమ మనిషి కనవడ్డడా?" విన్నవాళ్ళు చాలామంది బిత్తరపోయేవారు. ఆయన విసుగు లేకుండా వివరించేవాడు. రెండు డబ్బాలు సరైన దూరంలో పెట్టి, ఆ రెంటికీ సమానమైన దూరంలో ఎదురుగా ఒక స్టూలు వేసుకుని కూర్చుంటే, పాట ఈ డబ్బాలోంచీ రాదు, ఆ డబ్బాలోంచీ రాదు. రెంటి నడుమ, ఏమీ లేని జాగాలో, పాడే మనిషి నిలబడతాడు. స్టూలు జానెడు పక్కకు జరిగితే మాయమవుతాడు. "ఈ పనిల మంచి జాగ ఒక్కనికే సాబ్," అనేవాడు. "పక్కన ఇంకొకరిని కూసోబెట్టుకుంటే ఇద్దరికీ కనవడడు."

ఆయన ఇంట్లో మాత్రం జోడు లేదు. భార్య పోయాక దుకాణం వెనక గదిలోనే ఉండేవాడు. పెద్ద బిడ్డ షాహీన్ బోధన్‌లో కాపురం. పరీక్ష చేయడానికి ఒంటి డబ్బా ఒకటి ఉండేది, దాన్ని గోడకు ఆనించి వార్తలు వినేవాడు. అందరికీ చేస్తావు, నీకేదీ అంటే నవ్వి, "నడుమ ఎవరిని నిలవెట్టుకోవాలె?" అన్నాడు. అది హాస్యమో కాదో నేను తేల్చుకోలేదు. విలేకరులు కొన్ని ప్రశ్నల దగ్గర ఆగిపోతారు, రెండోసారి అడగరు.

ఇక ఆ పుస్తకంలో ఒక పుట గురించి చెప్పాలి. 2009 వానాకాలంలో ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి మల్లయ్య అనే భజనపరుడు ఒక జోడు చేయించుకున్నాడు. జహంగీర్ భాయ్ తన జన్మలో అంత మంచి జోడు చేయలేదనేవాడు. ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వలేదు. రెండు మైకులు తీసుకెళ్ళి మల్లయ్య ఇంటి అరుగు మీదే ఆయన భజన రికార్డు చేశాడు. ఎడమన హార్మోనియం, కుడివైపు తాళాలు, నడుమ మల్లయ్య. మల్లయ్య ఎప్పుడూ నిలబడే పాడేవాడు. "కూసుంటే గొంతు గూడ కూసుంటది," అనేవాడట. కొడుకులిద్దరూ భూమయ్య, గంగాధర్ దర్వాజకు చెరో పక్క ఆనుకుని నిలబడి విన్నారు.

నెల తరవాత మల్లయ్య స్టూలు మీద కూర్చుని తన పాట తాను విన్నాడు. పుటలో ఆయన అభిప్రాయం ఇలా ఉంది: "నా ముంగట నేనే నిలవడ్డ." దాని కింద జహంగీర్ భాయ్ "కొడుకులు:" అని రాసి, జాగా వదిలాడు. ఆ రోజు కొడుకులు స్టూలు మీద కూర్చోలేదు. మళ్ళొచ్చినప్పుడు రాసుకుందామనుకున్నాడు.

మళ్ళీ వెళ్ళేలోగా మల్లయ్య చనిపోయాడు. ఆ తరవాత ఏడాదికి అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం, ఇల్లు, బర్రెలు అన్నీ పంచిన పెద్దమనుషులకు చివర్లో మూలనున్న రెండు డబ్బాలు కనిపించాయి. రెండు డబ్బాలు, ఇద్దరు కొడుకులు. ఇంత సులువైన పంపకం వాళ్ళకు ఆ రోజు ఇంకోటి దొరికి ఉండదు. ఒకటి పెద్దవాడు భూమయ్యతో కామారెడ్డి వచ్చింది. ఒకటి గంగాధర్‌తో ఎల్లారెడ్డి వెళ్ళింది. భజన సీడీ కూడా ఇద్దరూ చెరో కాపీ తీసుకున్నారు. ఒంటి డబ్బాలో ఒక పక్క వాయిద్యమే వస్తుంది గనక అన్న ఇంట్లో హార్మోనియం, తమ్ముడి దుకాణంలో తాళాలు.

ఈ సంగతి తెలిసిన రోజు జహంగీర్ భాయ్ భూమయ్య విత్తనాల దుకాణానికి వెళ్తుంటే నేనూ పక్కనే ఉన్నాను.

"రాష్ట్రమే పంచుకునేటట్టున్నరు," అన్నాడు భూమయ్య సంచులు సర్దుతూ. "రెండు డబ్బాలు పంచుకుంటే నీకేం నొప్పి జహంగీర్ భాయ్?"

"పంచుకోండ్రి. నాకేం నొప్పి. మీ బాపును ఎవరు తీసుకున్నరు?"

భూమయ్య సంచి సంచి మీద పెట్టాడు. చివరి సంచి పెట్టి, "వాడు నాతోని మాట్లాడక రెండు నెలలైంది," అన్నాడు, మేం అడగకుండానే.

ఎల్లారెడ్డిలో గంగాధర్‌ది బట్టల దుకాణం. జహంగీర్ భాయ్ రెండు నెలలకోసారి లింగంపేట మీదుగా పోయే బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. దుకాణం ముందు నిలువు డబ్బా ఉంది. దానికి కొత్త చొక్కా తొడిగి ఉంది, బొమ్మకు తొడిగినట్టు.

"ఏం గుడ్డ గావాలె భాయ్?" అన్నాడు గంగాధర్ నవ్వుతూ.

"గుడ్డ వద్దు. మీ బాపుకు చొక్కా తొడిగినవా?"

గంగాధర్ నవ్వు ఆపి చొక్కా విప్పాడు. సీడీ పెట్టాడు. మల్లయ్య గొంతు వచ్చింది, దాంతో తాళాలు. పాట నడుస్తుండగానే గంగాధర్ అన్నాడు: "గొంతు ఉన్నది భాయ్. కని బాపు గోడ అవుతల ఉన్నట్టున్నడు."

బస్సులో తిరిగి వస్తూ జహంగీర్ భాయ్ ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. పుటలో రాయలేదు. ఒంటి డబ్బా మీద అభిప్రాయం రాసే అలవాటు ఆయనకు లేదు.

ఈ మూడేళ్ళలో పని తగ్గింది. చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, పాటలు చిప్పుల్లోకి వెళ్ళాయి. నిలువు డబ్బాలు పెట్టుకునేందుకు ఇంట్లో జాగా లేదనేవాళ్ళు పెరిగారు. కట్టెపొట్టు పీల్చిన ఊపిరితిత్తులు కూడా ఆయన మాట వినడం మానేశాయి. ఈ ఎండాకాలంలో ఒకరోజు వెళ్ళేసరికి దుకాణం నేలంతా ఖాళీ చేసి, సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. రెండు చదరాలు, ఎదురుగా స్టూలు జాగాకు ఒక గుండ్రం. దగ్గుతూ, టేపుతో కొలిచి, మళ్ళీ చెరిపి గీశాడు.

"ఒక్క పొద్దు సాబ్. ఒక్క పొద్దు ఇద్దరు తేవాలె. కొడుకులు కూసోవాలె, నేను అడగాలె. గంతే. ఎనుకకు ఎవని డబ్బా వాడు తీస్కపోని."

భూమయ్య, "వాడు తెస్తే నేను తెస్త," అన్నాడు. గంగాధర్, "అన్న తెచ్చినంక ఫోన్ చెయ్యి భాయ్, బస్సు మీద ఎక్కిస్త," అన్నాడు. ఈ రెండు మాటలూ నేనే మోశాను. మోసుకొచ్చి చెప్పడం వరకే నా పని అనుకున్నాను. వృత్తి నేర్పిన గుణం అది. ఒకరు తెచ్చారని ఇంకొకరికి చిన్న అబద్ధం చెప్పి ఉంటే ఇద్దరూ వచ్చేవారేమో. జహంగీర్ భాయ్ మాత్రం నన్ను ఏమీ అనలేదు. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి, చదరాలు తొక్కకుండా పక్కనుంచి నడిచి, ఆ గుండ్రంలో స్టూలు మీద కాసేపు కూర్చునేవాడు. ఎదురుగా ఏమీ ఉండేది కాదు.

చలి మొదలైన వారం పోయాడు. జనాజా వెంట నడవడానికి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. వేర్వేరుగా వచ్చి వేర్వేరుగా వెళ్ళారు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక షాహీన్ ఇద్దరికీ ఫోన్ చేసింది. ఏమని చెప్పిందో నాకూ చెప్పింది: "అన్నా, దుకాణం ఖాళీ చేస్తున్నం. అబ్బా నేల మీద గీసిన గీతలు ఇంక గట్లనే ఉన్నయి. తుడవాల్నా, ఉంచాల్నా?"

మర్నాడు పొద్దున పదింటికి, నేను దుకాణంలో ఉండగా, భూమయ్య ఆటో ట్రాలీలోంచి ఒక డబ్బా దించాడు. అరగంటకు బస్టాండు నుంచి గంగాధర్ వచ్చాడు. కూలీ నెత్తి మీద రెండో డబ్బా, కొత్త దుప్పట్లో చుట్టి ఉంది. ఇద్దరూ పలకరించుకోలేదు. చెరో చదరంలో చెరొకటి నిలబెట్టారు. మూల ఒకింత వంకరగా ఉందని భూమయ్య తమ్ముడి డబ్బాను కాలితో కాదు, వంగి రెండు చేతులతో సర్దాడు. షాహీన్ వైర్లు కలిపి సీడీ పెట్టింది. హార్మోనియం ఎడమన, తాళాలు కుడిన.

స్టూలు గుండ్రంలో ఖాళీగా ఉంది. "కూసోండ్రి అన్నా," అంది షాహీన్.

"అన్న కూసుంటడు," అన్నాడు గంగాధర్. మూడేళ్ళలో అన్న ఎదుట గంగాధర్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

భూమయ్య తల అడ్డంగా ఊపాడు. మెల్లగా అన్నాడు: "బాపు నిలవడ్డడు గదరా తమ్మి. మనం ఎట్ల కూసుంటం?"

ఇద్దరూ దర్వాజకు చెరో పక్క ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మల్లయ్య పాట అయిపోయేదాకా అలాగే ఉన్నారు. ఆ జాగా నుంచి నడుమ మనిషి కనబడడు. జహంగీర్ భాయ్ లెక్క ప్రకారం స్టూలు మీద కూర్చున్నవాడికే కనబడాలి. స్టూలు మీద ఎవరూ లేరు.

పాట అయ్యాక ఎవరి డబ్బా వాళ్ళు తీసుకెళ్ళారు. కలిసిపోయారని రాస్తే వార్త బాగుంటుంది, కానీ నేను చూసింది అంతే. గంగాధర్‌ను బస్టాండు దాకా భూమయ్య ఆటోలోనే దించాడని తరవాత విన్నాను.

షాహీన్ పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. "అబ్బా జాగ ఇడిసిపెట్టిండు సాబ్, మీరే రాయండ్రి." పుట తీశాను. "నా ముంగట నేనే నిలవడ్డ." దాని కింద "కొడుకులు:" అని ఆయన చేతిరాత, పక్కన అయిదేళ్ళ ఖాళీ. ఇలాంటి జవాబు కోసం బస్సులెక్కి తిరిగిన మనిషి కామారెడ్డికి మళ్ళీ దొరకడు. ఇంటింటికీ వెళ్ళి, నీకేం వినబడిందని అడిగి, చెప్పింది చెప్పినట్టు నమ్మే చెవి అది. ఆయన అడగాల్సిన ప్రశ్న ఆ పొద్దు ఎవరూ అడగలేదు. జవాబు మాత్రం వచ్చింది.

భూమయ్య నోట వచ్చిన మాటే రాశాను: "బాపు నిలవడ్డడు గదరా తమ్మి. మనం ఎట్ల కూసుంటం?"

దిద్దలేదు.