ఓడలో మా శిరీష వయసు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో పద్దెనిమిదేళ్లుగా రంగుల దుకాణం నడుపుతున్నాను. ఏ గోడ చూసినా పైన రెండు పూతలు వేస్తే తప్ప మనసు ఊరుకోదు. కాబట్టి మా సూట్‌కేసు ఏనుగు పిల్లంత బరువుందని రాస్తే సగానికి తగ్గించి చదువుకోండి. పిల్లల సంగతి వచ్చిన చోట మాత్రం తగ్గించకండి.

రెండు వేల ఏడు, మే నెల. ఆ ఏడాది డబ్బాలు బాగా అమ్మిన డీలర్లను రంగుల కంపెనీవాళ్లు కుటుంబాలతో సహా సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి పిలిచారు. ఖర్చంతా వాళ్లదే. షరతు ఒక్కటి: ఓడలో రెండో రోజు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా భార్యాభర్తలిద్దరూ మీటింగులో కూర్చోవాలి. పిల్లల కోసం ఓడలోనే క్లబ్బు ఉందని కాగితంలో రాశారు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఒక గది, ఆరు నుంచి ఎనిమిదికి ఒకటి, తొమ్మిది నుంచి పన్నెండుకు ఇంకొకటి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, పాస్‌పోర్టులో ఉన్న వయసే లెక్క అని ఉంది.

అది చదివాక నాకు మూడు వారాలు నిద్ర లేదు.

ఎందుకంటే మా ఇంట్లో పిల్లల వయసు ఒక చోట నిలవదు. బడిలో పెరుగుతుంది, బస్సులో తగ్గుతుంది. చిన్నది అఖిలకు ఆరేళ్లు, సిటీ బస్సు ఎక్కితే నాలుగు. పెద్దది శిరీషను ఒకటో తరగతిలో చేర్చబోతే ఐదేళ్లు నిండడానికి నెల తక్కువైంది. నెల కోసం ఏడాది ఆగాలా అని ఫారం నేనే నింపాను. ఒక్క నెల కలిపితే సరిపోయేది. నా చెయ్యి ఒక నెల దగ్గర ఆగుతుందా? పదమూడు నెలలు కలిపాను. ఆ బడి కాగితంతోనే పాస్‌పోర్టు తీశాం. అలా నిజానికి ఎనిమిదేళ్ల పిల్ల ఓడవాళ్లకు తొమ్మిదేళ్లది. అంటే అక్క ఒక గదిలో, చెల్లె ఇంకో గదిలో.

వేరే పిల్లలైతే ఇంత ఫికర్ పడకపోదును. అఖిల కొత్తవాళ్లతో మాట్లాడదు. ఏం కావాలన్నా అక్క చెవిలో చెబుతుంది, అక్క మిగతా లోకానికి చెబుతుంది. దాహమేసినా అంతే.

సాయంత్రం నాలుగున్నరకు ఛత్రినాకలో ఆటో ఎక్కాం. నలుగురం, రెండు సూట్‌కేసులు, ఒక సకినాల డబ్బా. నాంపల్లిలో చెన్నై రైలు ఆరున్నరకు కదిలింది. ఎదురు బెర్తులో రిటైరైన నర్సు ఒకావిడ, చెన్నైలో కూతురి దగ్గరికి పోతోంది. పావుగంటలో మా వంశమంతా అడిగి తెలుసుకుంది.

"పెద్దబిడ్డకు ఎన్నేండ్లు?"

"వచ్చే నెల పది నిండుతయమ్మా," అని పాస్‌పోర్టు లెక్కే చెప్పాను.

"పదా? గింత చిన్నగున్నదేంది? సరిగ తింటలేదా?"

నా భార్య సుజాత కిటికీ వైపు తిరిగింది. శిరీష సకినం కొరకడం ఆపి, సీటు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. అది నేను చూశాను, కానీ పట్టించుకోలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు చెన్నై. స్టేషన్ బయట ఇడ్లీలు తిని, మధ్యాహ్నం విమానానికి ఎయిర్‌పోర్టు చేరాం. అక్కడ ఖాజా భాయ్ కలిశాడు. చార్మినార్ వెనక గల్లీలో ఆయనదీ రంగుల దుకాణమే. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కనుక బేగంతో హాయిగా వచ్చాడు. ఆయనకు నా రహస్యం చెప్పడం నా తప్పు.

"క్యా భాయ్, పాస్‌పోర్ట్‌లనే గలత్ రాయించినవా? సముందర్ల దించేస్తరు నిన్ను! ఈత వస్తదా?"

ఆయన నవ్వాడు. సింగపూర్‌లో ముద్ర పడేదాకా నేను నవ్వలేదు. అక్కడి ఆఫీసరు శిరీష పాస్‌పోర్టును గంటసేపు చూశాడు. సుజాత లెక్కలో అర నిమిషం. ముద్ర గుద్దిన చప్పుడు వినపడేసరికి నా చొక్కా తడిసి ఉంది.

మర్నాడు పన్నెండు గంటలకు ఓడ ఎక్కాం. ఛత్రినాక మొత్తాన్ని ఎక్కించినా, మా పక్క నుంచి ఊరి చివరకు పోయి జల్‌పల్లిలో ప్లాట్లు కొన్నవాళ్లకు జాగా మిగిలేటంత ఓడ. రెండింటికి భోజనం, పెరుగన్నం కూడా దొరికింది. వెళ్లదలచినవారు స్వెట్టర్లు మరవకండి, లోపల ఏసీకి పళ్లు కొట్టుకుంటాయి. నా పళ్లు మాత్రం చలికి కొట్టుకోలేదు.

రెండో రోజు పదికి పావు తక్కువకు పదో అంతస్తులో క్లబ్బు తలుపు ముందు నిలబడ్డాం. టీచరమ్మ ఫిలిప్పీన్స్ మనిషి, నవ్వు ముఖం. వంగి అఖిలను ఇంగ్లీషులో వయసడిగింది. అఖిల అక్క చెవిలో ఏదో చెప్పింది. శిరీష గట్టిగా అంది:

"నాన్నా, ఈడ ఎంత చెప్పాలెనో చెల్లె అడుగుతుంది."

వెనక మా మీటింగుకే పోతున్న ఖాజా భాయ్ గోడ పట్టుకుని నవ్వాడు. "ఆరు," అన్నాను.

అఖిల చేతికి పసుపు పట్టీ, శిరీష చేతికి నీలం పట్టీ కట్టారు. చిన్నదాన్ని కూడా పెద్ద గదిలోనే ఉంచండని నాకొచ్చిన ఇంగ్లీషులో బతిమాలాను. కుదరదంది, అక్కడి ఆటలు పెద్దపిల్లలవి, దెబ్బలు తగులుతాయి. పోనీ పెద్దదాన్ని చిన్న గదికి పంపండని అడగడానికి నోరు రాలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

శిరీష చెల్లె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఏడ్వకు. దాహమైతే గ్లాసు చూపియ్యి. సరేనా?"

మీటింగులో తెర మీద బొమ్మలు మారుతున్నాయి. ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క తెలియదు. ఎక్కడ ఏ పిల్ల అరిచినట్టనిపించినా మా అఖిలేననుకున్నాను. పదకొండింటికి టీ ఇచ్చారు. కప్పు సుజాత చేతిలో పెట్టి నాలుగు అంతస్తులు పరుగెత్తాను. వెనక ఖాజా భాయ్, "అరె ఆగు భాయ్, గుండె ఆగుతది!" అంటూ వస్తూనే ఉన్నాడు.

పసుపు గది అద్దంలోంచి చూశాను. అఖిల మోచేతుల దాకా రంగు పూసుకుని, ఒక చైనా పిల్ల పక్కన కూర్చుని గోడంత కాగితానికి రంగులు వేస్తోంది. మాట లేదు. ఆ పిల్ల వేలితో చూపిస్తే ఇది డబ్బా అందిస్తోంది, ఇది చూపిస్తే అది. మా దుకాణం కౌంటర్ మీద నేను చేసే పనే. ఊపిరి పీల్చుకుని తిరగబోతూ, వచ్చాను కదా అని నీలం గదిలోకీ తొంగి చూశాను.

మీసాలొచ్చినంత పొడుగు పిల్లలు బంతాట ఆడుతున్నారు. శిరీష గోడకు ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. మడమలు లేపి, కాలివేళ్ల మీద. ఎవరూ దానివైపు చూడడం లేదు, అయినా మడమలు దించలేదు. పిక్కలు వణుకుతున్నాయి.

మూడు వారాలు నేను భయపడింది ఒక పిల్ల కోసం, భయపడాల్సింది ఇంకో పిల్ల కోసం.

నేరుగా టీచరమ్మ దగ్గరికి పోయాను. "జర సోచ్‌కే బోలో భాయ్," ఆలోచించి మాట్లాడమని ఖాజా భాయ్ నా చొక్కా లాగాడు. చొక్కా వదిలించుకుని చెప్పేశాను: ఆ పిల్లకు ఎనిమిదేళ్లే, పాస్‌పోర్టులో ఉన్నది తప్పు, తప్పు రాయించింది నేను.

ఆమె పోలీసులను పిలవలేదు. ఒక కాగితం తీసింది. తోబుట్టువుతో ఉండడానికి పెద్దపిల్ల చిన్న గదికి రావచ్చట, చిన్నపిల్ల పెద్ద గదికి పోకూడదంతే. తల్లిదండ్రుల సంతకం ఒకటి చాలు, కారణం చెప్పే పనే లేదు. పొద్దునే అడిగి ఉంటే పొద్దునే అయిపోయేదంది. వెళ్లేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

శిరీష బయటికొచ్చింది. "నాన్నా, నేనేమన్న తప్పు చేసిన్నా?"

"లేదు బిడ్డా. నేను చేసిన."

"మరి ఇప్పుడు నాకెన్నేండ్లు?"

"ఎనిమిది."

మడమలు నేలకు దించింది. పసుపు పట్టీ కట్టించుకుంటూ మళ్లీ అడిగింది. "నిజంగనా, ఈ ఓడల వరకేనా?"

ఖాజా భాయ్ నవ్వుతాడనుకున్నాను. ఆయన టోపీ సర్దుకుంటూ పక్కకు చూశాడు.

తిరుగు రైలు నాంపల్లికి పొద్దున ఎనిమిదింటికి చేరింది. ఆటోవాళ్లు ఓడ కొనేంత అడిగారు కనుక సిటీ బస్సెక్కాం. కండక్టర్ వచ్చి, "పిల్లలకెంత?" అన్నాడు. అఖిల అక్క చెవిలో ఏదో చెప్పింది. శిరీష నా ముఖంలోకి చూసింది.

"దీనికి ఆరు, దానికి ఎనిమిది. రెండు హాఫ్ టికెట్లియ్యన్నా."

"ఎనిమిదా?" కండక్టర్ టికెట్లు చింపుతూ శిరీషను చూశాడు. "మంచిగనే ఎదిగింది."

ఛత్రినాక వచ్చేదాకా శిరీష సీటుకు వీపు ఆనించి హాయిగా కూర్చుంది. ఆ ప్రయాణంలో నాకు మిగిలింది సముద్రం కాదు, అది.

ఇక ఒప్పుకోలు. సూట్‌కేసు ఏనుగు పిల్లంత లేదు. బంతాట పిల్లలకు మీసాలు లేవు. సింగపూర్ ఆఫీసరు విషయంలో సుజాత చెప్పిందే నిజం. అవన్నీ ఉన్నవాటిని పెంచి చెప్పినవి. లేనిదాన్ని నేను పుట్టించింది ఒక్కటే: శిరీష పాస్‌పోర్టులోని జూన్ ఒకటో తేదీ. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు. శిరీష పుట్టింది మరుసటి ఏడాది ఆషాఢంలో, లాల్‌దర్వాజ బోనాల నాడు, మధ్యాహ్నం, వీధిలో డప్పుల మోతకు దాని మొదటి ఏడుపు మాకు వినపడనే లేదు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.